మాటకు కుట్టు కనబడాలన్న మా చలమ్మక్క

ఆ ఉదయం ఎడతెగని వాన. నీళ్ళు గుమ్మం దాటి లోపలికి రాకుండా గోనెపట్టా పరుస్తున్నాను. ఫోను మోగింది. అవతల ఫరీదా. కుట్టు ఫ్యాక్టరీలో నాతోనూ చలమ్మక్కతోనూ ఒకే లైనులో పనిచేసిన పాత స్నేహితురాలు. “కాక్ చలం లేదు” అంది మలాయిలో. కాక్ అంటే వాళ్ళ భాషలో అక్క. “ఇంట్లో లేకపోతే గుడికి వెళ్ళి ఉంటుందిలే, శనివారం కదా” అన్నాను.  అవతల వెక్కి వెక్కి ఏడుపు. అప్పుడు గాని ఆ మాటకు అర్థం నా బుర్రకు ఎక్కలేదు. సగం పరిచిన గోనెపట్టా అలాగే వదిలేశాను, నీళ్ళు గుమ్మం దాటి లోపలికి వచ్చేశాయి.

సింహాచలమ్మ, ఈ మలేషియా సుంగై పెటాని పట్టణంలో మనవాళ్ళందరికీ చలమ్మక్క, పరమపదించింది. ఊపిరాడని జబ్బు ఆమెను కొన్నేళ్ళుగా పీడిస్తూనే ఉంది. నూలు ధూళిలో గడిచిన జీవితానికీ ఆ జబ్బుకూ సంబంధం ఉందో లేదో చెప్పగల వైద్యజ్ఞానం నాకు లేదు. ఆమె దగ్గుతున్నప్పుడల్లా మా లైనులో గాలిలో తేలే తెల్లటి పీచు నా కళ్ళ ముందు ఆడేదని మాత్రం చెప్పగలను. మన తెలుగు సంఘం పత్రికవారు నాలుగు మాటలు రాయమని అడిగారు. ఆ మహనీయురాలిని గురించి నాలుగు మాటల్లో రాయడం నాకు చేతకాదు. తోచినంత రాస్తాను.

ఆమె తాతలు విజయనగరం ప్రాంతం నుంచి ఇక్కడి రబ్బరు తోటలకు వచ్చిన కూలీలు. చాలాకాలం పిల్లలు లేక, ఎన్నడూ చూడని సింహాద్రి అప్పన్నకు ఇక్కడి నుంచే మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. తెల్లవారుజామున తల్లితో పాటు చెట్లకు గీత కోసి రబ్బరు పాలు పట్టే పని చేస్తూ పెరిగింది. తోట అమ్ముడుపోయి ఇళ్ళ స్థలాలుగా మారినప్పుడు లైన్లనే కూలీల ఇళ్ళ వరసలు ఖాళీ చేయించారు. అప్పటికి ఆమెకు పెళ్ళీడు. మేకులతో సహా తలుపు రెక్కలు ఊడదీసి బండికెత్తుకుని పట్టణం చేరిన కుటుంబాల్లో వాళ్ళదీ ఒకటి. ఆ తరువాత బతుకంతా కుట్టు ఫ్యాక్టరీలోనే. “తోట లైనులోంచి మిషను లైనులోకి వచ్చినాము. లైను మారినాది గాని బతుకు మారనేదు” అని నవ్వేది.

నేను ఫ్యాక్టరీలో చేరిన తొలినాడు నన్ను ఆమె పక్క మిషను మీద కూర్చోబెట్టారు. మా నాన్న తోట బడిలో తెలుగు పంతులు. ఆయన పుణ్యమా అని నాలుగు అక్షరాలు వచ్చు గాని, మిషను తొక్కడం రాదు. భయంతో గుడ్డను బిగించి పట్టి సూది కిందికి తోస్తున్నాను. నా వేలు సూది దాకా వెళ్ళేలోపే ఆమె చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. “గుడ్డని తొయ్యకు తల్లీ, అదే ఎల్తాది. నువ్వు దారి సూపించు, సాలు. సూది గుడ్డలో దిగాల, మనిసిలో దిగకూడదు” అంది. నా పని వెనకబడిన రోజుల్లో, సూపర్‌వైజరు వచ్చి అరవకముందే తాను కుట్టిన కాలర్లు కొన్ని నా బుట్టలో పడేసేది. ఎవరూ చూడలేదనుకునేది. లైనంతా చూసేది.

మా లైనుకు ఒక చెక్క బిళ్ళ ఉండేది. సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకు వేలాడేది. మరుగుదొడ్డికి వెళ్ళేవాళ్ళు దాన్ని మెడలో వేసుకుని వెళ్ళాలి. వాళ్ళు తిరిగివచ్చేదాకా తక్కినవాళ్ళు బిగబట్టుకుని కూర్చోవాలి. అందుకే చాలామంది ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే మానేశారు. ఫరీదా అప్పుడు నిండు గర్భిణి. ఒకనాడు లేచి నిలబడితే బిళ్ళ లేదన్నారు. కాసేపాగి మళ్ళీ లేచింది, మళ్ళీ కూర్చోమన్నారు. అక్క తన మిషను ఆపేసింది. ఫరీదా చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. సూపర్‌వైజరు అడ్డం వచ్చి “బిళ్ళ ఏది?” అన్నాడు. “కడుపులో బిడ్డకి బిళ్ళ సంగతి తెలీదు” అంది అక్క మలాయిలో. గొంతు పెంచలేదు, నిష్ఠూరమాడలేదు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు చెప్పింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు లైను చివరిదాకా పాకింది. అతడు పక్కకు తప్పుకున్నాడు. మరునాటి నుంచి మాలో ఎవరూ ఆ బిళ్ళ ముట్టుకోలేదు. దాన్ని రద్దు చేశామని కంపెనీ ఎన్నడూ ప్రకటించలేదు. అది అలాగే మేకుకు వేలాడుతూ దుమ్ముకొట్టుకుపోయింది.

అలా ఆమె మా నాయకురాలైంది. ఎన్నికలు జరిపి నిలబెట్టిన నాయకత్వం కాదు. ఎవరికి ఏ ఆపద వచ్చినా “చలమ్మని పిలవండి” అనడం అలవాటైపోయింది. ఇస్త్రీ చేసే చోట ఉక్క భరించలేక ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే, ఆవిరి పోయే కిటికీలు తెరిపించేదాకా ఊరుకోలేదు. ఓవర్‌టైము ఇష్టమున్నవాళ్ళే చెయ్యాలని వాదించింది. యూనియను పెద్దలు వచ్చి ప్రసంగించమంటే మాత్రం, “నాకు పేచీ పెట్టడం వచ్చు, పేచ్చు ఇవ్వడం రాదు” అని తప్పించుకునేది. మన తమిళ సోదరులు ప్రసంగాన్ని పేచ్చు అంటారు. ఆ రెండు మాటలనూ కలిపి ఆడుకోవడం ఆమెకు సరదా.

ఇక సంతోషి సంగతి. అది చెప్పకుండా అక్క చిత్రం పూర్తి కాదు. 

మా ఫ్యాక్టరీకి నేపాలు నుంచీ బంగ్లాదేశ్ నుంచీ పనివాళ్ళు రావడం మామూలే. ఒక ఏడాది శ్రీకాకుళం వైపు నుంచి కొందరు ఆడపిల్లలు వచ్చారు. ఏజెంటు చూపించిన ఆశలు నమ్మి సముద్రం దాటినవాళ్ళు. వాళ్ళ మాట ఫ్యాక్టరీలో దాదాపు ఎవరికీ తెలియదు. తెలుగువాళ్ళమని చెప్పుకునే మా పిల్లలు కూడా తమిళంలో ఒకటి రెండు మాటలు పలకరించి తప్పుకున్నారు. ఒక మధ్యాహ్నం మా వెనక మిషను దగ్గర దారం తెగింది. “ఓలమ్మో, మల్లీ తెగిపోనాదే!” అని ఒక పిల్ల తనలో తాను అనుకుంది. అక్క చేతిలోని గుడ్డ జారిపోయింది. అది వాళ్ళ అమ్మమ్మ మాట. తోట లైన్లు పోయిన తరువాత ఇంటి బయట ఎక్కడా వినబడని మాట. వెనక్కి తిరిగి, “ఏ ఊరు పాపా మీది?” అని అడిగింది. ఆ పిల్ల బిత్తరపోయింది. “మీరు మాలాగే మాటాడుతున్నారేటండీ!” అంది. “మీలాగ నానెందుకు మాటాడతాను? మనం మాటాడతన్నాం” అంది అక్క.

ఆ పిల్లే సంతోషి. ఆనాటి నుంచి ఆ ఆడపిల్లలందరికీ అక్క పెద్దమ్మ అయింది. ఆదివారాల్లో వాళ్ళ హాస్టలు గేటుకు తాళం వేసి ఉండేది. అక్క ఎండుచేపల పులుసు వండి తీసుకువెళ్ళేది. గిన్నె ఊచల మధ్య పట్టదు. అందుకని గేటుకు ఇటు నిలబడి, గరిటెతో అటువైపు పళ్ళేల్లోకి పోసేది. దారిన పోయేవాళ్ళు వింతగా చూసేవారు. “జూకి వచ్చినట్టు సూస్తన్నారు. గేటుకి ఏ పక్క ఉన్నోలు జంతువులో ఆలకే తెలియాల” అనేది. నవ్వుతూనే అనేది గాని, ఇంటికి వచ్చాక ఆ గిన్నెను తోమిందే తోమేది.

ఆ పిల్లల పాసుపోర్టులన్నీ కంపెనీ ఆఫీసు బీరువాలో ఉండేవి. భద్రత కోసమే అనేవారు. సంతోషి తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని ఊరి నుంచి ఫోను వచ్చింది. పాసుపోర్టు ఇవ్వండి, అమ్మను చూసి వస్తానని ఆ పిల్ల కాళ్ళావేళ్ళా పడింది. ఒప్పందం గడువు తీరేదాకా కుదరదన్నారు. మరునాడు ఫ్యాక్టరీ బస్సు వచ్చేసరికి, ఆ శ్రీకాకుళం పిల్లలంతా హాస్టలు గేటు ముందు నేలమీద కూర్చుని ఉన్నారు. డ్రైవరు హారను కొట్టి కొట్టి అలిసిపోయాడు. ఎవరూ లేవలేదు.

మేనేజరు అక్కను పిలిపించాడు. నన్నూ తోడు రమ్మంది, వెళ్ళాను. ఆయన మర్యాదస్తుడే, ఎన్నడూ గొంతు పెంచి ఎరుగడు. “వాళ్ళ భాష మీకు వచ్చు కదా, చెప్పండి. ఈవేళ పనిలోకి వస్తే ఈ వారంలోనే పాసుపోర్టులు వాళ్ళ చేతుల్లో పెడతాను. ఎవరిమీదా చర్య ఉండదు” అన్నాడు.

అక్క వెంటనే కదలలేదు. “ఇది నా నోటితో చెప్పాలి బాస్. నిజమేనా?”

“నిజమే.”

“ఎవరినీ ఏమీ చెయ్యరు కదా?”

“చెయ్యం. మాట ఇస్తున్నాను.”

గేటు దగ్గరకు వెళ్ళాం. ఆనాడు తాళం తీసే ఉంది. అక్క ఆ పిల్లల మధ్యన నేలమీదే చతికిలబడి, మేనేజరు చెప్పినదంతా పొల్లుపోకుండా చెప్పింది. ఎవరూ కదలలేదు. సంతోషి తలెత్తింది. “కంపెనీ మాట మాకెందుకు పెద్దమ్మా? నువ్వు సెప్పు. నువ్వు నమ్మినావా?”

అక్క ఆ పిల్ల ముఖంలోకి చూసింది. “నమ్మినాను” అంది.

సంతోషి లేచి బట్టలు దులుపుకుంది. ఆమెను చూసి తక్కినవాళ్ళు లేచారు. అందరూ బస్సెక్కారు. ఆ రోజు సాయంత్రం అక్క ముఖంలో ఎంత తేటదనమో! ఒక్క మాటతో ఎవరికీ దెబ్బ తగలకుండా గండం గట్టెక్కిందని మేమంతా సంబరపడ్డాం.

ఆ వారం చివర ఒక ఉదయం మేము పనికి వెళ్ళేసరికి మా వెనక మిషను ఖాళీగా ఉంది. క్రితం సాయంత్రం సగం కుట్టి ఆపిన కాలరు సూది కింద అలాగే ఉంది. ఇంకా కొన్ని మిషన్లు ఖాళీగా ఉన్నాయి. తెల్లవారుతూనే హాస్టలుకు వ్యాను వచ్చిందని, సంతోషినీ మరికొందరినీ సామానుతో సహా విమానాశ్రయానికి ఎక్కించుకుపోయారని మిగిలిన పిల్లలు ఏడుస్తూ చెప్పారు.

అక్క తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది. నేనూ ఫరీదా గుమ్మంలో నిలబడ్డాం. ఆయన కుర్చీ చూపించాడు. అక్క కూర్చోలేదు. “ఈ వారంలో పాసుపోర్టులు చేతికిస్తానన్నాను. ఇచ్చాను కదా! తల్లిని చూడాలంది, టిక్కెట్టు కొని పంపించాను. ఇది చర్య ఎలా అవుతుంది?” అన్నాడాయన శాంతంగా.

  అక్క బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. “వరాలూ” అంది. నన్ను అలాగే పిలిచేది. “ఆడు అబద్దమాడనేదే. ఆడి అబద్దం తెచ్చి నా నోట్లో పెట్టినాడు. ఆడినది నాను.”

“నీకేం తెలుసక్కా, నువ్వు నమ్మి చెప్పావు” అన్నాను.

“అదే కదా. నాను నమ్మబట్టే ఆలు నమ్మినారు.”

మరునాడే సెలవు పెట్టి మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని కార్మికశాఖ కార్యాలయానికి వెళ్ళింది. మీరు ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చారా, సాక్ష్యం చెప్పడానికి వచ్చారా అని అక్కడి ఉద్యోగి అడిగాడు. “ముందు నేను చేసింది చెప్తాను. ఆ తరవాత మీరు ఎలా రాసుకుంటారో రాసుకోండి” అంది. ఆ కబురు కంపెనీకి తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆమెను లైనులోంచి తీసి, గిడ్డంగి మూల ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పూర్తయిన చొక్కాలకు వేలాడే దారప్పోగులు కత్తిరించే పని. పలకరించే మనిషి ఉండదు. పనిమంతురాలికి అంతకు మించిన అవమానం లేదు. కొందరు శ్రేయోభిలాషులు, పోయినవాళ్ళు ఎలాగూ పోయారు, నీ ఉద్యోగం చూసుకో అని హితవు చెప్పారు. ఆమె అందరికీ టీ ఇచ్చి పంపేది. వాయిదా అన్నప్పుడల్లా బస్సెక్కేది.

చివరికి తనిఖీ అధికారులు వచ్చారు. ఎవరి పాసుపోర్టు వారి చేతికి వచ్చింది. దాచుకోవడానికి హాస్టల్లో చిన్న చిన్న అరలు పెట్టి, తాళంచెవులు పనివాళ్ళకే ఇచ్చారు. ఆదివారాలు గేటు తీసి ఉంచాలని ఆజ్ఞ అయింది. అక్కను మళ్ళీ లైనులోకి తెచ్చారు. కానీ దేశం విడిచి వెళ్ళిపోయినవారి విషయంలో ఇక తాము చేయగలిగింది లేదని కార్యాలయం తేల్చేసింది. గేటు తెరిచిన మొదటి ఆదివారం హాస్టలు పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని బజారుకు బయలుదేరారు. నేపాలీ పిల్ల ఒకతె అక్కను కూడా రమ్మని చెయ్యి పట్టుకుని లాగింది. అక్క రాలేదు. నాతో, “ఈ గేటులోంచి ఎల్లాల్సినోలు ఎల్లనేదు వరాలూ” అంది.

ఆ తరువాత ఆమె దుబాసీగా చాలామందికి అక్కరకు వచ్చింది. మా ఫ్యాక్టరీలోనే కాదు, చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలో తెలుగు పనివాళ్ళు చిక్కుల్లో పడినా, ఆసుపత్రిలోనైనా, కార్యాలయంలోనైనా, కబురు రావడమే ఆలస్యం. కానీ ఒక నియమం పెట్టుకుంది. యజమాని మాట చెప్పేటప్పుడు ముందుగా “ఇది ఆల మాట” అనేది. చెప్పడం అయ్యాక ఆగి, “ఇప్పుడు నా మాట” అనేది. రెంటినీ ఎన్నడూ కలపలేదు. ఒకసారి ఒక ఆఫీసరు విసుక్కుని, ఇంత సాగదీయడం దేనికి, చెప్పింది చెప్పినట్టు గబగబా చెప్పేయకూడదా అన్నాడు. ఆమె ఆయనకేమి జవాబు చెప్పిందో గుర్తులేదు గాని, దారిలో నాతో అన్నది మాత్రం మరపురాదు. “గుడ్డకి కుట్టు కనబడకూడదు. మాటకి కుట్టు కనబడాల. ఎవుల మాట ఎక్కడ ఆగినాదో, ఎవులది ఎక్కడ మొదలైనాదో ఇనేవోడికి తెలియాల.”

దుఃఖం దిగమింగిన మనిషే గాని, దిగులు మొహంతో తిరిగే మనిషి కాదు. మన సంఘం వారు ఒక ఉగాదికి ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. అధ్యక్షులవారు ఆమె సేవలను కొనియాడుతున్నంతసేపూ ఆమె శాలువా అంచు తిప్పి తిప్పి చూస్తోంది. చివరికి మైకు చేతికిస్తే, “ఈ అంచు వంకరపోయినాది. కుట్టిన గుంట బాగా అలిసిపోయినట్టున్నాది పాపం” అని కూర్చుంది. సభంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వించడానికి అనలేదని పక్కన కూర్చున్న నాకు తెలుసు.

అదే సంవత్సరం మన సంఘం నుంచి కొందరం ఆంధ్రకు యాత్ర వెళ్ళాం. ఎవరి పేరు పెట్టుకుని బతికిందో ఆ సింహాద్రి అప్పన్నను అక్క మొదటిసారి చూసింది. దర్శనం అయ్యాక, “నాకు ఇంకొక సోట పనున్నాది. నువ్వొస్తావేటి?” అంది నాతో. సంతోషి ఊరు కనుక్కుని పెట్టుకుందని అప్పుడు తెలిసింది. బస్సు మారి, ఆటో ఎక్కి, సముద్రానికి దగ్గరగా జీడితోటల మధ్య ఉన్న ఆ ఊరు చేరాం.

సంతోషి వాకిట్లో కూర్చుని ఉంది. పెళ్ళయింది. జీడిపిక్కలు కొట్టే పనికి పోతోంది. ఆ పిక్కల జిగురుకు వేళ్ళన్నీ నల్లబారి, చర్మం పొరలు లేచిపోయాయి. మమ్మల్ని పోల్చుకోవడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు. “పెద్దమ్మా!” అని ఎదురొచ్చి, మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది. అక్క ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్ళు చూస్తూ ఉండిపోయింది.

“అమ్మని సూసినావా?” అని అడిగింది.

“నేదు పెద్దమ్మా. నానొచ్చేసరికి తీసుకెల్లిపోనారు.”

అక్క ఆ చెయ్యి ఇంకా వదల్లేదు. “నాను సెప్పినాను కదే ఆ వేల...”

“నువ్వు సెప్పినావనే బస్సెక్కినాము” అంది సంతోషి. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ వెంటనే లేచి, “అన్నం తినెల్లాల. సేపలొండినాను” అని లోపలికి వెళ్ళింది. విస్తరి వేసి వడ్డించింది. అక్క తల వంచుకుని, ఒక్కొక్క ముద్దే మింగుతూ, మెతుకు మిగల్చకుండా తింది. బయలుదేరేటప్పుడు సంతోషి ఆటో దాకా వచ్చి చెయ్యి ఊపింది.

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. “అన్నం పెట్టినాదే వరాలూ” అంది. “తిట్టినా బాగుండును.”

ఆ విచారం ఆమెను వదలలేదు. కిందటి నెల ఆసుపత్రిలో చూడబోయినప్పుడు, ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. కూతురు దేవి పక్కనే ఉంది. తల్లి తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకుని తమిళంలో బదులిచ్చే పిల్ల. మాటల్లో మాటగా, “నీ వల్ల ఎంతమంది బాగుపడ్డారక్కా” అన్నాను. ఆమె తల అడ్డంగా తిప్పింది. “ఎంతమందో నాకు తెల్దు. ఆ వ్యానెక్కినోల మొకాలు మటుకు తెలుసు” అంది. దేవి నావైపు తిరిగి, అమ్మ ఎవరి గురించి చెబుతోందని తమిళంలో అడిగింది. ఏనాడూ ఇంట్లో చెప్పుకోలేదన్నమాట. కూతురి నిద్ర కూడా పాడవకూడదనుకుందో ఏమో! ఆ రోజు దేవికి నేనే అంతా చెప్పాను. ఆ పిల్ల తల్లి పాదాలు ఒళ్ళో పెట్టుకుని వింది. అదే నేను అక్కను చివరిసారి చూడడం.

అంత్యక్రియల నాడు ఇల్లు పట్టలేదు. ఫరీదా తన మనవణ్ణి ఎత్తుకుని వచ్చి, వాకిట్లో ఒక వారగా నిలబడి తన ప్రార్థన తాను చేసుకుంది. షిఫ్టు దిగిన నేపాలీ, బంగ్లాదేశీ పిల్లలు ఫ్యాక్టరీ దుస్తులతోనే వచ్చి వరుసగా నిలబడ్డారు. ఎవరి భాషలో వారు ఏడ్చారు. తెలుగులో ఏడ్చినవాళ్ళం మాత్రం కొద్దిమందిమే.

కర్మకాండ ముగిసి రోజులు గడవకముందే, పట్టణం అవతల ఉన్న ఒక కుట్టు ఫ్యాక్టరీ హాస్టలు నుంచి దేవికి ఫోను వచ్చింది. చలమ్మగారు కావాలని అడిగారట. ఆంధ్ర నుంచి కొత్తగా ఆడపిల్లలు వచ్చారని, ఒకతె అన్నం మానేసి ఏడుస్తోందని, ఏమైందో ఎవరికీ అర్థం కావడం లేదని చెప్పారట. దేవి కారులో వచ్చి నన్ను ఎక్కించుకుంది.

ఆ పిల్లకు నిండా ఇరవై ఉండవు. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. “ఏటైనాది తల్లీ?” అన్నాను. దిగ్గున లేచి కూర్చుంది. ముఖం తుడుచుకుంది. “సలమ్మగారంటే మీరేనా అండీ? ఏ కట్టమొచ్చినా సలమ్మగారికి సెప్పమని ఇక్కడోలు సెప్పినారు” అంది.

“నేను కాదమ్మా.”

“ఆవిడ రానేదేటి?” అని నన్ను దాటి, గుమ్మం వైపు చూసింది. నా వెనక దేవి నిలబడి ఉంది. ఆ పిల్ల దేవిని ఆశగా చూసి, “మీరేనా అండీ?” అంది. దేవికి ప్రశ్న అర్థమైంది.  ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆవిడ ఇక రారని నేనే చెప్పాను. ఏమి జరిగిందో నాకు చెప్పమన్నాను. ఆ పిల్ల తటపటాయిస్తూ మొదలుపెట్టింది. ఒకటి రెండు మాటలు చెప్పేది, ఆగేది, మళ్ళీ గుమ్మం వైపు చూసేది. అక్క అయితే ఈపాటికి ఆ మంచం మీద కూర్చుని, ఆ పిల్ల జుట్టు ముడి వేస్తూ ఉండేది. నాకు తెలుగు వచ్చు. అక్కకు మనుషులు వచ్చు. ఆ విద్య ఆమెతోనే పోయింది.

పుణ్యలోకాల మీద ఆమెకు పెద్దగా ఆశ ఉండేది కాదు. అలసిన చేతులకు విశ్రాంతి దొరికితే చాలుననేది. ఆ విశ్రాంతి ఆమెకు లభించుగాక. ఊచల సందులోంచి అన్నం పెట్టిన ఆ చేతులకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. సుంగై పెటాని ఫ్యాక్టరీలకు రేపు కూడా బస్సుల నిండా పిల్లలు దిగుతారు. వాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా ఆమె కోసం అడుగుతారు. లేదని చెప్పడం ఒక్కటే ఇక మాకు మిగిలింది.